మైకు మెల్లగా వెళ్ళిన రోజు

జూన్ 9

అమ్మడూ,

ఫోను చెయ్యకుండా ఈ ముసలాడు కాగితం మీద పడ్డాడేమిటని నవ్వుకోకు. ఫోనులో నువ్వు చెప్పేది నాకు వినపడదు. నేను చెప్పేది నీకే కాదు, నీ చుట్టుపక్కల గదులన్నిటికీ వినపడుతుంది. జీవితమంతా చెవి పక్కన మైకు గొట్టం పెట్టుకుని ఊళ్ళో టముకేసినవాడికి చెవులు ఇంతకంటే ఏం మిగులుతాయి? మొన్న మీ అమ్మ ఫోను నా చేతిలో పెట్టి, "నువ్వూ ఓ మాట మాట్లాడన్నయ్యా" అంది. "ఎలా ఉన్నావే" అన్నాను, అంతే. అటువైపు ఎవరో నర్సమ్మ, "ఎవరండీ ఆ అరుపు, ఇక్కడ పసిపిల్లలున్నారు" అందట. మీ అత్తయ్యకి ఆ మాట దొరికింది, ఇక చూడు. పాలవాడితో సహా అందరికీ చెప్పింది. "నేను కాపురానికొచ్చిన నాడే అనాల్సిన మాట, ఇన్నాళ్ళకి ఆ మహాతల్లి అంది" అని.

పాప నెలలు నిండకుండా పుట్టిందనీ, బాక్సులో పెట్టారనీ మీ అమ్మ చెప్పింది. "అరచేతిలో పట్టేస్తుందిట అన్నయ్యా" అని, తన అరచెయ్యి తెరిచి దానికేసి చూస్తూ కూర్చుంది. నేనూ చూశాను. 

నా పనిలో నేర్చుకున్నది ఒకటుంది. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో పిల్లలు తప్పిపోయి తల్లిదండ్రులు నా బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చినప్పుడు, "ఎలా జరిగింది" అని నేనెప్పుడూ అడగలేదు. "చొక్కా ఏ రంగు" అని అడిగేవాణ్ణి. జరిగింది తల్చుకుంటే మనిషి కూలబడిపోతాడు. చొక్కా రంగు తల్చుకోవాలంటే కాస్త నిలదొక్కుకోవాలి. అందుకని నిన్నూ అదే అడుగుతున్నా. పాపకేం తొడిగారు? నువ్వెక్కడ పడుకుంటున్నావు? ఆ గదికి కిటికీ ఉందా? అంతే, ఇంకేం అడగను.

మీ అత్తయ్య ఆశీస్సులు. నా అరుపులు కూడా.

మైకు మావయ్య

జూన్ 15

మావయ్యా,

చొక్కా రంగు అడిగినవాడివి నువ్వొక్కడివే. మిగతావాళ్ళందరూ ఎలా జరిగిందనే అడిగారు. నాకు తెలిస్తే కదా.

చొక్కా లేదు. చొక్కా తొడిగేంత మనిషి కాదింకా. నెత్తి మీద పసుపు ఊలు టోపీ ఒకటుంది. ఎవరో పుణ్యాత్మురాలు అల్లి ఆసుపత్రికి పంపిందట. అదీ వదులై కళ్ళ మీదికి జారిపోతుంది. నర్సమ్మ వచ్చినప్పుడల్లా పైకి లాగి, "రాణీగారికి కిరీటం బరువైంది" అంటుంది. గదినిండా గాజు పెట్టెలు వరసగా ఉంటాయి. మనది కిటికీ పక్కన, అందుకని అందరూ 'కిటికీ పాప' అంటారు. పేరు ఇంకా పెట్టలేదు. ఇంటికి తీసుకెళ్ళే రోజు పెడతాను. అంతకు ముందు పెట్టడానికి నాకు ధైర్యం లేదు, నువ్వూ అడక్కు.

మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, పెట్టెకున్న గుండ్రటి కంతలోంచి చెయ్యి పెట్టి ముట్టుకోవచ్చు. నిమరకూడదు. నిమిరితే ఆ చర్మం ఓర్చుకోలేదట. చెయ్యి ఊరికే అలా ఆనించి ఉంచాలి. ఇదేం ప్రేమరా భగవంతుడా అనుకున్నాను మొదట. ఇప్పుడు అలవాటైంది. గదిలో ఎవరూ గట్టిగా మాట్లాడరు. తలుపు కూడా చేత్తో పట్టుకుని మెల్లగా వెయ్యాలి. చిన్న చప్పుడైనా పిల్లల గుండె దడదడలాడి మిషన్లు కూస్తాయి.

పడుకునేది ఆసుపత్రి గేటుకి ఎదురుగా మందుల షాపు మీదున్న ఇంట్లో. ఇలాంటి పిల్లల తల్లుల కోసం ఒక సంఘంవాళ్ళు చందాలు వసూలు చేసి నడుపుతున్నారు. ఇల్లు చూసుకునే ఆవిణ్ణి పెద్దక్క అంటాం. వరసగా మంచాలు, ఒక వంటగది, మేం పాలు పిండి దాచుకునే ఫ్రిజ్. మూడేసి గంటలకి ఆ పాలు గిన్నెలో పట్టుకుని రోడ్డు దాటి వెళ్తే, పాపకి సన్న గొట్టంలోంచి చుక్కచుక్కా వేస్తారు. నా పక్క మంచం ఆవిడ బాగా పొడుగు, మంచం చివర కాళ్ళు బయటికొస్తాయి. అందరం పొడుగక్క అంటాం. ఆవిడదీ ఆడపిల్లే.

ఒకటే బెంగ మావయ్యా. ఇంటి ఓనరు ఇల్లు అమ్మకానికి పెట్టాడట. సంఘంవాళ్ళు వచ్చే నెలాఖరులోగా అడ్వాన్సు కట్టి లీజు రాయించుకుంటే సరే, లేకపోతే ఖాళీ చెయ్యమన్నాడు. మందుల షాపులో చందా డబ్బా ఒకటి పెట్టారు, కానీ మందులు కొనుక్కునే కంగారులో దానికేసి చూసేదెవరు? ఈ ఇల్లు పోతే నేను మన ఊరొచ్చి కూర్చోవాలి. పాప ఇక్కడ, పాలు అక్కడ.

మా ఆయన ఇంకా రాలేదు. వంతెన పనిలో క్రేను వదిలి రావడానికి లేదంటారు. అలాగే అనుకుంటున్నాను.

నువ్వు మాత్రం ఉత్తరాలు రాయి. పొడుగ్గా రాయి. నీ సోది ఒక్క ముక్క కూడా తగ్గించకు. ఎందుకని అడక్కు.

నీ మేనకోడలు

జూన్ 21

అమ్మడూ,

సోది తగ్గించొద్దని నాతో అన్న మొదటి మనిషివి నువ్వే. ఆ లైను మీ అత్తయ్యకి చదివి వినిపించాను. "పాపం పిల్లకి అక్కడ బొత్తిగా ఏం తోచడం లేదు కాబోలు" అంది. నాకూ అలాగే అనిపించి మనసు చివుక్కుమంది. సరే, తోచనివాళ్ళ కోసమే కదా నేను పుట్టింది.

నీకు గుర్తుందా, మొదట నాకు సైకిలు, రేకు గొట్టం మాత్రమే ఉండేవి. తర్వాత బ్యాటరీ, రిక్షా. ఆ తర్వాత మన సోడాబుడ్డిగాడు ఆటో కొన్నాక ఆటో. వాడి కళ్ళద్దాలు ఇప్పుడు ఇంకా మందమయ్యాయి, ఆటో మాత్రం అదే. నువ్వు ముందు వాడి పక్కన ఇరుక్కుని కూర్చుని రంగు కాగితాలు విసిరేదానివి. గులాబీ కాగితాలు మాత్రం విసిరేదానివి కాదు, గౌనులో దాచుకునేదానివి. ఒకసారి గులాబీ కాగితాల మీద వేయించిన సినిమాకి జనమే రాలేదు. హాలు ఓనరు నన్ను నిలదీశాడు. నేనేం చెప్పను, ప్రచారమంతా మా మేనకోడలి పరుపు కింద ఉందని చెప్పనా?

ఇంకో సంగతి విను. మన ఊళ్ళో నా మాటలు ఎవరూ వినలేదమ్మా, ఏనాడూ. నా వేగం వినేవాళ్ళు. ఆటో పరుగెత్తుతూ నా నోరు అంతకంటే పరుగెత్తితే సినిమా, లేకపోతే బట్టల షాపు తగ్గింపు. మధ్యస్థంగా వెళ్తే కరెంటు కోత, నీళ్ళ సరఫరా. ఆటో నడిచే మనిషితో సమానంగా వెళ్తూ, నేను మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటే ఎవరో పోయినట్టు. వంటింట్లో ఉన్న ఆడవాళ్ళు కూడా పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా, "ఇవాళ మెల్లగా వెళ్తున్నాడు, ఎవరు పోయారో" అనేవాళ్ళు.

తప్పిపోయిన పిల్లలకి మాత్రం వేగం లేదు. అది పిలుపు. దాని తీరే వేరు. దానిలో నేను ఒక్కసారే తడబడ్డాను, అదీ నీవల్లే. ఎగ్జిబిషన్లో మీ అమ్మ చెయ్యి వదిలి నువ్వు మాయమైన సాయంత్రం. ఎంతమంది పిల్లల్ని పిలిచానో, నీ దగ్గరికొచ్చేసరికి గొంతు పెగల్లేదు. "పసుపు గౌను" అన్నాను, ఇంక మాట రాలేదు. మీ అత్తయ్య నా చేతిలోంచి మైకు లాక్కుని, "పసుపు గౌను, రెండు జడలు, ముందు పన్ను ఊడింది, చాలా మంచి పిల్ల, దొరికినవాళ్ళు తిట్టకుండా తీసుకురండి" అంది. ఆ ఒక్కరోజే ఆవిడ మైకు పట్టింది. నాకంటే బాగా చెప్పిందని ఊరంతా అంది. ఇప్పటికీ అంటుంది, అంటే ఆవిడ.

ఇక అసలు విషయం. ఆ ఇంటి సంగతి నాకు వదిలెయ్. మైకు అటక మీదుంది, నా గొంతు నా దగ్గరే ఉంది. చందా డబ్బాకి నోరు లేదు కాబట్టే ఎవరూ చూడటంలేదు. నేను నోరిస్తాను. వద్దనకు.

మావయ్య

జూన్ 27

మావయ్యా,

ఎగ్జిబిషన్లో నేను తప్పిపోలేదు. ఇన్నేళ్ళుగా ఈ మాట చెబుదామనుకుంటూనే ఉన్నాను. నేను నీ బల్ల కిందే కూర్చున్నాను. బల్ల మీద వేసిన గుడ్డ నేల దాకా వేలాడేది కదా, దాని వెనకాల. నీ గొంతు నెత్తి మీదనుంచి వినపడుతుంటే హాయిగా ఉండేది. అత్తయ్య పిలుపూ విన్నాను. పసుపు గౌను, రెండు జడలు, చాలా మంచి పిల్ల. ఎవరో గానీ ఎంత అదృష్టవంతురాలో, ఎంత ముద్దుగా పిలుస్తున్నారో అనుకున్నాను. అది నేనేనని నాకు తోచనే లేదు. చివరికి నువ్వు కూలబడితే నీ కాలు నాకు తగిలింది. అప్పుడు దొరికాను.

మైకు సంగతి. మొదట వద్దని రాద్దామనుకున్నాను. పేరు కూడా లేని పిల్ల గురించి వీధిలో అరవడమేమిటనిపించింది. కానీ పెద్దక్క నిన్న పొడుగక్కకి కూడా చెప్పేసింది, వచ్చే నెలాఖరు తర్వాత ఏమవుతుందో తెలియదని. ఆవిడ గిన్నె కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది. కాబట్టి చెయ్యి.

ఒక్కటే ప్రాధేయపడుతున్నా. సినిమాకి చెప్పినట్టు చెప్పకు. రోజంతా నేనుండే గదిలో గాలి కూడా మెల్లగా నడుస్తుంది. ఆ గది గురించి చెప్పేటప్పుడు నువ్వూ మెల్లగా చెప్పు. చాలా మెల్లగా, మర్యాదగా.

నీ మేనకోడలు

జూలై 4

అమ్మడూ,

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇంత బాగా కుదిరిన రోజు నా బతుకులో లేదు.

పొద్దున్నే సోడాబుడ్డిని పిలిచి, "ఒరేయ్, ఇవాళ ఆటో నడిచే మనిషి కంటే ముందు వెళ్ళిందో, నీ కళ్ళద్దాలు నేను పెట్టుకుంటాను" అన్నాను. గొట్టం చప్పుడు సగానికి తగ్గించాను. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ, "అయ్యలారా... అమ్మలారా... మన ఊరి ఆడపడుచుకి పుట్టిన పసిబిడ్డ..." అని మొదలుపెట్టి, ఆసుపత్రి గురించీ, తల్లులుండే ఆ ఇంటి గురించీ చెప్పి, "వివరాలకు పాప అమ్మమ్మగారింటికి రాగలరు" అని ముగించాను. గంటలో ఊరు చుట్టాం.

ఆ మర్యాద చూడాల్సింది నువ్వు. నా జన్మలో నన్ను అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. కొట్లవాళ్ళు షట్టర్లు సగానికి దించారు. మంగలిషాపులో ఒకాయన సగం గడ్డంతో లేచి బయటికొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీకొట్టు బల్ల మీదివాళ్ళందరూ ఒక్కసారి లేస్తే బల్ల ఓ పక్కకి ఒరిగింది. సైకిలు షాపాయన అయితే కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన తమ్ముడు మీ ఆయన దగ్గరే కదా పనిచేస్తాడు, ఆ అభిమానం కాబోలు. సోడాబుడ్డి కూడా, "గురువుగారూ, మనుషుల్లో ఇంత మంచితనం ఉందా" అన్నాడు. ఉందిరా, అడిగే తీరు తెలియాలి అన్నాను, కొంచెం గర్వంగానే.

ఇంకా రాద్దామనుకున్నాను కానీ మీ అమ్మ ఇంటివైపు జనం గుంపులుగా వెళ్తున్నారు. చాలామంది చేతుల్లో పూలున్నాయి. చందాకి పూలెందుకో అర్థంకావడం లేదు. మీ అత్తయ్య బజారునుంచొచ్చి గుమ్మంలో నిలబడి నన్ను అదోలా చూస్తోంది. వెళ్ళి చూసొస్తా. దారిలో ఈ ఉత్తరం పోస్టులో వేస్తా.

మావయ్య

జూలై 9

మావయ్యా,

నీ ఉత్తరం ఇవాళ వచ్చింది. దానికి ముందే ఆయన వచ్చారు.

సైకిలు షాపాయన తమ్ముడికి కబురు చేశాడట. తమ్ముడు క్రేను దగ్గరికెళ్ళి కింద నుంచి చెప్పాడట. ఆయన దిగి, నెత్తి మీద పని టోపీ కూడా తియ్యకుండా బస్సెక్కారు. రాత్రంతా ప్రయాణం. పొద్దున నేను పాల గిన్నెతో రోడ్డు దాటి మెట్లెక్కితే, వరండాలో గోడకానుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూశారు, గిన్నెను చూశారు. "ఆ పాలు ఎవరికి" అని అడిగారు.

"ఎవరికేమిటి, మీ కూతురికి" అన్నాను.

నేల మీద కూర్చుండిపోయారు మావయ్యా. అంత మనిషి, అందరూ నడిచే దారిలో. నాకు ఆ మాట ఎందుకడిగారో అప్పటికి తెలియదు. తర్వాత తెలిసింది. అక్కడ మా అమ్మ ఇంటికి పూలు ఎందుకొచ్చాయో కూడా తెలిసింది.

బతకాలని గంటగంటకీ కొట్టుకులాడే పిల్లకి నువ్వు ఊరంతా తిరిగి చావు చాటింపు వేశావు. తెలిసి చెయ్యలేదని నాకు తెలుసు. అయినా నీ ఉత్తరం మళ్ళీ మడిచి కవర్లోకి తోసేశాను. ఆయన ఇంకా లోపలికి రాలేదు. అద్దంలోంచే చూసి వెనక్కి వచ్చేశారు.

ఇంక నువ్వేమీ చెయ్యొద్దు. చాలు.

జూలై 14

చిరంజీవి సౌభాగ్యవతికి,

నీ ఉత్తరం అందింది. పొరపాటు నాదే. క్షమించు.

ఇక్కడ మరునాడే ఊళ్ళో నిజం చెప్పి సరిచేశాం. ఊరివాళ్ళు ఇచ్చినది మీ పెద్దక్క పేర మనియార్డరు చేశాం.

ఇక ఉత్తరాలతో నిన్ను విసిగించను. మైకు కొనడానికి ఒకాయన వస్తానన్నాడు.

ఇట్లు,
మావయ్య

జూలై 20

మావయ్యా,

ఇది ఉత్తరమా, కరెంటాఫీసు నోటీసా?

చెప్పాల్సింది ముందే చెప్పకపోవడం నా తప్పు. విను. పాపను బాక్సులో పెట్టిన మొదట్లోనే నర్సమ్మ, "మాట్లాడమ్మా, నీ గొంతు గుర్తుపడుతుంది" అంది. నేను వంగి నోరు తెరిచాను. ఏమీ రాలేదు. ఏం మాట్లాడను? బంగారు తల్లీ అనాలన్నా భయం. పక్క పెట్టెల దగ్గర అందరూ ఏదో గుసగుసలాడుతుంటే, నేను మూగదానిలా చెయ్యి ఆనించి కూర్చునేదాన్ని. అలాంటప్పుడు నీ మొదటి ఉత్తరం వచ్చింది. మాటల్లేని నాకు రెండు పేజీల మాటలు దొరికాయి. అదే గుసగుసగా చదివి వినిపించాను. అత్తయ్య పాలవాడితో చెప్పింది కూడా. గుండె మిషను తెర మీద పరుగెత్తే అంకెలు కాస్త నెమ్మదించాయి. నర్సమ్మ వచ్చి చూసి, "ఏం చదువుతున్నావో గానీ, అదే చదువు" అంది.

అప్పటినుంచీ నువ్వు రాసిందే మా రాణీగారికి పురాణం. గులాబీ కాగితాలు ఆవిడకి వచ్చు, సోడాబుడ్డి వచ్చు. నీ గొంతు ఎంత పెద్దదో తెలియదు పాపం, నువ్వు గుసగుసలాడే మనిషివని అనుకుంటోంది. పొడుగక్క కూడా తన పాప పెట్టె పక్కనుంచి వింటూ, కొత్తది వచ్చిందా అని అడిగేది. అడిగేది అంటున్నాను, ఎందుకంటే కిందటి వారం ఆవిడ వెళ్ళిపోయింది. ఒక్కతే వెళ్ళింది. వెళ్ళేముందు తన గిన్నె కడిగి బోర్లించి, "ఎవరికైనా ఇవ్వండి" అంది. గుమ్మం దగ్గర ఆగి నాతో, "పసుపు గౌను పిల్ల దొరికిందని మా పాప కూడా వింది" అంది. 

ఆ రోజే ఆయన లోపలికొచ్చారు. ఎందుకు రాలేదో అప్పుడు చెప్పారు. అంతంత ఇనుప దూలాలు ఎత్తి వెంట్రుకవాసి తేడా లేకుండా దించే మనిషికి, కంతలోంచి చెయ్యి పెట్టాలంటే భయమట. "నా చేతులు చూశావా" అన్నారు. సెలవు దొరక్క కాదు. నీ చాటింపు లేకపోతే ఆ భయంతోనే ఉండిపోయేవారేమో. ఇది నీకు మెచ్చుకోలు కాదు, కోపం ఇంకా కొంచెం ఉంది.

ఇప్పుడు నేను పాలకి వెళ్ళినప్పుడు ఆయనే చదువుతున్నారు. పని సూచనలు చదివినట్టు ఒక్కో ముక్కా విడదీసి చదువుతారు. నిన్న నీ ఈ నోటీసు తీశారు. ఒక్క గుక్కలో అయిపోయింది. కాగితం తిప్పి వెనక చూశారు. కవరు దులిపి చూశారు. పాప మొహం చిట్లించింది. "మిగతాది ఏది" అని నన్నడిగారు, నేనేదో దాచుకున్నట్టు.

మిగతాది పంపు. మైకు అమ్మావో, నేను మాట్లాడను.

పెద్దక్క మనియార్డరు అందుకుని కుర్చీలో కూర్చుని కాసేపు లేవలేదు. ఎలా పోగుచేశారు మావయ్యా అంత? నోటీసుల భాషలో కాకుండా చెప్పు.

నీ మేనకోడలు

జూలై 27

మా కిటికీ దొరసానికీ, వాళ్ళమ్మకీ, ఒక్కో ముక్కా విడదీసి చదివే వాళ్ళ నాన్నకీ,

అమ్మడూ, నీ ఉత్తరం మీ అత్తయ్య చేత మూడుసార్లు చదివించుకున్నాను. కళ్ళజోడు కనపడలేదని చెప్పాను. నెత్తి మీదే ఉందని ఆవిడకీ తెలుసు, ఊరుకుంది.

మైకు అమ్మలేదు. కొనడానికొచ్చినవాడు గొట్టం తిరగేసి చూసి, "దీన్ని పూలకుండీ చేసుకోవాలి" అన్నాడు. వాడికి టీ ఇచ్చి పంపించేశాం.

ఇక ఆ రోజు సంగతి. నేను వెళ్ళేసరికి మీ అమ్మ ఇంటి ముందు మనిషి పట్టడానికి లేదు. మీ అమ్మ గుమ్మంలో నిలబడి, "ఎవరండీ పోయింది, నాకెవరూ చెప్పరేం" అని ఏడుస్తోంది. ఆవిడని చూసి జనం ఏడుస్తున్నారు. అంతా నా వేగం వింటే, ఒక్కరూ నా మాట వినలేదు. నా పాటికి నేను తలొంచుకుని అరుగు చివర నిలబడ్డాను. మీ అత్తయ్య తోసుకుంటూ వెళ్ళి మీ అమ్మ పక్కన నిలబడి, "పాప బతికే ఉంది. రాణీలా ఉంది. పసుపు టోపీ పెట్టుకుంది" అంది.

జనం చేతుల్లో పూలు ఎక్కడ దాచుకోవాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. సగం గడ్డం ఆయన రెండో సగం మీద చెయ్యి పెట్టుకున్నాడు. మీ అత్తయ్య ఊరుకుంటుందా? లోపల్నుంచి బియ్యం డబ్బా తెచ్చి, ఖాళీ చేసి, గడప మీద పెట్టింది. "ఏడవడానికొచ్చారు, తప్పులేదు, ఈయన చేసిన పని అలాంటిది. కానీ బతికున్న పిల్ల ఇంటికి పూలు పట్టుకొచ్చి ఊరికే వెళ్తే బాగుండదు. అక్కడ ఆ పిల్లలాంటివాళ్ళ తల్లులు ఉండే ఇల్లు పోయేలా ఉంది. ఈయన పొద్దున్నించీ చెప్పింది అదే, మీరు వింటే కదా" అంది. పూలన్నీ వరసగా అరుగు మీదికీ, జేబుల్లోని డబ్బు డబ్బాలోకీ చేరాయి.

మర్నాడు నిజం చాటాలి కదా. సోడాబుడ్డి వణికిపోతూ, "గురువుగారూ, ఏ వేగం" అన్నాడు. సినిమా వేగంరా అన్నాను. "రండి బాబూ రండి, బతికే ఉంది, భేషుగ్గా ఉంది, మీ ఊరి పిల్ల, గాజు పెట్టెలో రాణీ, నేటినుంచి ప్రతిరోజూ అన్ని ఆటలూ" అని ఎత్తుకున్నాను. ఆటో మలుపు తిరిగితే ఒక చక్రం లేచింది. షట్టర్లు పైకి లేచాయి. పిల్లలు కాగితాల కోసం వెంటపడ్డారు. కాగితాలు లేవురా అంటే వినరే. నువ్వు కాగితాలు విసిరిన వీధుల్లోనే, అచ్చం ఆ రోజుల్లో పిల్లలు పరుగెత్తినట్టే పరుగెత్తారు. ఇంటికొచ్చి పాత ట్రంకు పెట్టె వెతికితే అడుగున నీ గులాబీ కాగితాలు కట్టగా దొరికాయి. సాయంత్రం అవే విసిరాం. ఎప్పటిదో సినిమా, ఆ హాలే ఇప్పుడు లేదు. ఎవరూ పట్టించుకోలేదు. బియ్యం డబ్బా రెండోసారి నిండింది. మీ అమ్మ బియ్యం ఇప్పటికీ బకెట్లోనే ఉన్నాయి.

పొడుగక్క గురించి ఏమని రాయను? తప్పిపోయిన పిల్లల్ని పిలిచీ పిలిచీ, ఎవరూ రాక, దీపాలార్పేదాకా బల్ల దగ్గర కూర్చున్న తల్లులు నాకు తెలుసు. వాళ్ళ పక్కన కూర్చోవడం తప్ప నాకే మాటా ఎప్పుడూ చేతకాలేదు. ఆ గిన్నె జాగ్రత్తగా చూసుకోండి.

అల్లుడితో చెప్పు, ముక్కముక్కకీ ఆగక్కర్లేదు, కామా దగ్గర ఊపిరి తీసుకుంటే చాలని.

మావయ్య

ఆగస్టు 17

మావయ్యా,

రెండే ముక్కలు, చెయ్యి ఖాళీ లేదు. ఇల్లు నిలిచింది. మీ బియ్యం డబ్బా, ఇంకా చాలా ఊళ్ళ డబ్బాలు కలిపి సంఘంవాళ్ళు అడ్వాన్సు కట్టేశారు. పొడుగక్క గిన్నె నిన్న వచ్చిన కొత్తమ్మాయికి ఇచ్చాం. ఆ తల్లికి ఇంకా బిడ్డ దగ్గర నోట మాట రావడంలేదు. నీ మొదటి ఉత్తరం అరువిచ్చాను, నీకు అభ్యంతరం ఉండదనుకుంటా.

గొట్టాలన్నీ తీసేశారు. పాప తానే పాలు తాగుతోంది. ఆయన ఎత్తుకుంటే ఒకే చేతిలో ఇమిడిపోతుంది. దూలం దించినట్టే దించుతారు, వెంట్రుకవాసి తేడా లేకుండా. డాక్టరుగారు వచ్చే వారం తీసుకెళ్ళొచ్చన్నారు.

టోపీ ఇప్పుడు జారడంలేదు. సరిపోయింది.

పేరు అనుకున్నాం. కానీ గట్టిగా పలకడానికి ఇద్దరికీ ఇంకా నోరు రావడంలేదు. ఆ గాజు ముందు నిలబడి ఆయన నన్ను చూస్తారు, నేను ఆయన్ని చూస్తాను. పిలవడం నీ పని కదా, ఎలా మొదలుపెట్టాలో చెప్పు.

నీ మేనకోడలు

ఆగస్టు 21

అమ్మడూ,

ఇవాళ సోది లేదు. ఆటో తుడిపించాను, మీ అమ్మ అప్పుడే ఎక్కి కూర్చుంది, మీరు దిగే రోజున బస్టాండుకి వచ్చేస్తాం. ఏ వేగంతో తీసుకురావాలో సోడాబుడ్డికి తెలియక తంటాలు పడుతున్నాడు. మీ అత్తయ్య, "పసిపిల్ల ఉన్న బండి ఎలా వెళ్ళాలో అలా మెల్లగా వెళ్ళు, ఎవరేమనుకుంటే నీకేం" అంది. మెల్లగానే వస్తాం. ఈసారి ఊరు వేగం కాదు, లోపలున్నదాన్ని చూస్తుంది.

కింద రాసింది నా కోసం కాదు, నీ కోసం కాదు. నువ్వూ అల్లుడూ పెట్టె మీదికి వంగి చదవండి. గుసగుసగా చదవండి. ఆవిడకి నేను గుసగుసలాడే మనిషినే, ఆ భ్రమ అలాగే ఉండనివ్వండి. పేరు ఉండాల్సిన చోట ఖాళీ వదిలాను. నేను తడబడిన రోజున మీ అత్తయ్య అందుకుంది. మీరు తడబడితే ఒకరికొకరు అందుకోండి.

"దయచేసి వినండి. దయచేసి వినండి. పసుపు టోపీ, కిటికీ పక్కన, ఇంకా పన్నే రాని, చాలా మంచి పిల్ల. పేరు ............ . ఈ పాప తప్పిపోలేదు. మొదటినుంచీ ఇక్కడే, మా గొంతు కిందే కూర్చుని అంతా వింటోంది. ఎవరో అదృష్టవంతురాల్ని పిలుస్తున్నారని అనుకోకు తల్లీ. నిన్నే. మీ అమ్మా నాన్నా వచ్చి నిలబడ్డారు, వచ్చెయ్."